రెక్కాడకుండానే

నేను చూడలేదు.
అందరికంటే దగ్గరున్నదీ నేనే,
చూడనిదీ నేనే.
జీపు తోలేవాడికి దక్కేది ముందున్న దారి,
పక్కన అరచేయంత అద్దం,
అద్దం నిండా దుమ్ము.

దొనకొండలో తెల్లదొరలు యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే.
పగుళ్ళలో పల్లేరు,
అంచుల్లో ఎవరో ఆరబోసిన మిరపకాయలు.
చీకటుండగానే పోయి
గొర్రెల్ని అదిలించడం నా మొదటి డ్యూటీ.
"యాడికి పోతదయ్యా ఇది?" అడిగాడు కాపరి గురవయ్య.
"పైకి."
"మరి రెక్కలేయి?"
నా దగ్గర జవాబు లేదు.
మృణాళిని మేడమ్‌ దగ్గరుంది గానీ
అది నాలుగు నోటు పుస్తకాల పొడుగు.

పాకల నుంచి పిలిపించిన పడవల వడ్రంగి తిరుపాలు
ఆ ప్లైవుడ్ గీతలు చూసి,
పైన చదును, కింద గుండ్రం,
బీడీ చెవిలో దోపుకుని
"పడవే గదమ్మా" అన్నాడు.
"నీళ్ళు మోస్తే పడవ. గాలి మోస్తే ఇది."
ఆవిడ పుస్తకం మూసేసింది.

లారీ ఇంజను బిగించిన జీపు,
మూడు వందల అడుగుల తాడు,
తాడు చివర
లోకో షెడ్డు ఫోర్‌మన్ మనవరాలు రూతు.
ముక్కు తేలిపోతోందని
వంటమనిషి దగ్గర అప్పుగా తెచ్చి
ఆమె కాళ్ళ ముందు పద్దెనిమిది కేజీల కందిపప్పు సంచి కట్టారు.

నాలుగో లాగుడు.
అద్దంలో అది కుడికి ఊగింది, ఎడమకి ఊగింది,
తాగొచ్చినవాడు చీకట్లో గడియ వెతికినట్టు.
లివర్ గుంజి తాడు వదిలేశాను.
వెనక చప్పుడు
కొబ్బరిచిప్ప రాతి మీద పడ్డట్టు.

ఒంగోలు ఆస్పత్రిలో భుజానికి కట్టుతో రూతు:
"తప్పు నాదా, దానిదా?"
"నాది" అంది మేడమ్‌.
తర్వాత ఇద్దరూ ఒకే బత్తాయి ఒలుచుకు తిన్నారు.

ఏడు వారాలు.
తోక పలకలు జానెడు పెరిగాయి.
తిరుపాలు పొట్ట మీద కొత్త పలక అతికి
వేలి కణుపుతో కొట్టి విన్నాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.

మా అమ్మ కందుకూరు పొగాకు గ్రేడింగులో
ముప్పై ఏళ్ళు ఆకు ఏరింది.
'రెక్కాడితే గాని డొక్కాడదు'
ఆమెకది సామెత కాదు, హాజరు పట్టీ.
రాత్రి షెడ్డులో దీన్ని చూసినప్పుడల్లా
ఆమె భుజాలే గుర్తొచ్చేవి.
రెక్కలు ఏనాడో అరిగిపోయి
డొక్కతోనే బతుకంతా ఈదుకొచ్చిన మనిషి.

పదకొండో లాగుడు.
ముల్లు నూటపది మీద కదలకూడదు,
తల తిప్పకూడదు. మేడమ్‌ మాట.
ఎనభై. వెనక చక్రాల గరగర.
తొంభై అయిదు. గరగర.
నూటపది.

గరగర లేదు.

వెనక సీట్లోంచి ఎవరో చెప్పకుండా దిగిపోయినట్టు
జీపు కాస్త తేలికయింది.
నా నడుము కనిపెట్టింది, కళ్ళు కాదు.
అద్దంలో తాడు ఉంది,
దుమ్ములోంచి ఏటవాలుగా పైకి పోయి
అద్దం అంచు దాటి మాయమైంది.
తల తిప్పలేదు.
ఇంతవరకూ నేను చేసిన పనుల్లో
అంత కష్టమైంది లేదు.

ఠప్పున తాడు ఊడింది.
బ్రేకేసి దిగి పరిగెత్తేసరికి
అది నేల మీదుంది, కొంచెం వంకరగా,
పక్కన హెల్మెట్ తీసి
వంగి వాంతి చేసుకుంటూ, నవ్వుతూ రూతు.
పదమూడు సెకన్లట. తాడిచెట్టులో సగం ఎత్తట.

"ఎట్టుండింది?" గురవయ్యనే అడిగాను.
వాడు కర్ర మీద గడ్డం ఆనించి
బాగా ఆలోచించాడు.
"సూడి గొర్రె కాలవ దూకినట్టు" అని,
"ఆ ఎగిరిపోయిన మిరగాయలకు డబ్బులెవరిస్తరు?" అన్నాడు.

ఆ రాత్రి వంటమనిషి అప్పు వసూలుకొచ్చి
ముక్కులోంచి సంచి విప్పుకుపోయాడు.
పప్పులో కాస్త వార్నిష్ వాసన.
మూడోసారి వడ్డించుకుంటూ మేడమ్‌ గొణిగింది:
"రేపటికి ఇసుక నింపాలి, తూకం మారకుండా."

నేను బయటికొచ్చి
తడిగుడ్డతో అద్దం తుడిచి
ఒక వేలంత పైకి తిప్పుకున్నాను.